సరిహద్దు దాటని నిమ్మకాయలు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ప్రపంచంలో ఏదీ లేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు నిజంగానే అలా నమ్మేవాణ్ణి. మాది రామసముద్రం దగ్గర ఒక పల్లె, కాలేజీ చదువు మదనపల్లెలో. కాలేజీలో విన్నదానికంటే అక్కడి శాఖా గ్రంథాలయంలో, ఫ్యాను గాలి తగలని మూల బల్ల దగ్గర కూర్చుని నేను సొంతంగా చదువుకున్నదే ఎక్కువ. భూగోళం అల్మరా పై అర నుంచి కింది అర దాకా పూర్తి చేశాను. ఆ పుస్తకాల్లో చాలావాటి వయసు మా నాయన వయసంత అన్న సంగతి నాకు ముఖ్యంగా తోచలేదు. నదులూ కొండలూ ఎక్కడికి పోతాయి? తర్వాత పుంగనూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరాను. ఏ దేశం పేరు చెప్పినా రాజధాని, పంటలు, గాలులు వీచే దిక్కు చెప్పేసేవాణ్ణి. నేను మాత్రం బెంగుళూరు దాటి ఎరగను. (బెంగుళూరులో కూడా బస్టాండు దాటింది తక్కువే.)

చేరిన కొన్నేళ్లకు మా జిల్లా బడులకూ న్యూజిలాండులోని ఒక బడికీ మధ్య ఉపాధ్యాయుల రాకపోకల ఏర్పాటు ఒకటి మొదలైంది. అప్పటికింకా జిల్లా ముక్కలు కాలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అన్నీ ఒక గొడుగు కిందే ఉండేవి. మొదటి దఫా ఇద్దరు వెళ్లి మూడు వారాలు ఉండాలి. అక్కడి టీచర్లు ఎలా చెబుతారో చూడాలి. చివర్లో వాళ్ల పిల్లలకు ఒక పాఠం చెప్పాలి. ఆ పాఠాలు చూసి, ఈ రాకపోకల వల్ల ఇరువైపులా ఉపయోగం ఉందనిపిస్తే రెండో దఫాను పిలుస్తారు, లేకపోతే అంతటితో సరి. ఇంటర్వ్యూలో ఆ దేశపు రెండు పెద్ద దీవుల గురించి అడగక ముందే మొదలుపెట్టి, ఆపమన్నాక కూడా కాసేపు చెప్పాను. ఎంపికయ్యాను. నాతోపాటు ఎంపికైన ఆమె లెక్కల టీచరు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి క్వార్టర్సులో పుట్టి పెరిగి, కుప్పంలో ఉద్యోగం చేస్తుండేది. కుప్పం మేడం అనే పిలిచేవాణ్ణి. నేను నాలుగు వాక్యాల్లో చెప్పేది ఆమె ఒక చూపుతో చెప్పేది.

ఇక్కడ మా హెడ్మాస్టరు గారి గురించి చెప్పాలి. ఊరంతా పెద్దయ్యోరు అనేవాళ్లు. రెండో దఫా జాబితాలో మొదటి పేరు ఆయనది. పదవీ విరమణ దగ్గరపడింది, అంతవరకూ విమానం ఎక్కింది లేదు. జాబితాలో పేరు వచ్చిన వారమే మదనపల్లె పోయి చక్రాల సూట్‌కేసు కొనుక్కొచ్చి, ప్లాస్టిక్ కవరు తీయకుండా ఆఫీసు గదిలో బీరువా మీద పెట్టుకున్నారు. మేము జీతం బిల్లుల మీద సంతకాలు పెట్టేటప్పుడల్లా అది పైనుంచి మా వైపు చూస్తుండేది. బయలుదేరే ముందు రోజు ఆయన నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"సూడప్పా, నువ్వు ఆడ పాఠం బాగా సెప్తేనే నేను విమానమెక్కేది. నా విమానం నీ నోట్లో ఉండాది. గుర్తు పెట్టుకో."

అని, బల్ల కింద నుంచి ఒక గుడ్డ సంచీ తీసి నా చేతిలో పెట్టారు. నిండా నిమ్మకాయలు. పెద్దపంజాణిలో ఆయన తోటలోవి, ఆ పొద్దున కోసినవి. మా వైపు ఏ అధికారిని చూడబోయినా చేతిలో నిమ్మకాయ ఉండాల్సిందే. జనవరి ఒకటో తేదీన మండల ఆఫీసుకు పోతే బల్ల మీద ఫైళ్లు కనిపించవు, నిమ్మకాయలే కనిపిస్తాయి. దండ, శాలువా స్తోమతను బట్టి. నిమ్మకాయ మాత్రం తప్పదు. ఒట్టి చేతులతో పోయి అక్కడి ప్రిన్సిపాలు ముందు నిలబడితే మన బడికి మర్యాద కాదని ఆయన అభిప్రాయం. నాదీ అదే.

విమానం దిగబోయే ముందు అందరికీ ఒక కార్డు ఇచ్చారు. తినే వస్తువులేమైనా తెస్తున్నారా అని అందులో ఒక ప్రశ్న. లేవు అని గుర్తు పెట్టాను. పక్క సీట్లో కుప్పం మేడం నా కార్డు వైపు చూసి, తర్వాత నా కాళ్ల దగ్గరున్న సంచీ వైపు చూసింది.

"వాసన వస్తాండాది గదా సార్."

"నిమ్మకాయలు మేడం. అవి తినేదానికి కాదు, ఇచ్చేదానికి."

ఆమె నా చేతిలోంచి పెన్ను తీసుకుని, నా కార్డులో లేవు అన్నది కొట్టేసి ఉన్నాయి అని గుర్తు పెట్టి, పెన్ను తిరిగి ఇచ్చేసింది. ఆ ఒక్క గీత ఎంత పెద్ద ఉపకారమో నాకు కింద దిగాక తెలిసింది. ఆ దేశంలోకి బయటి పండూ విత్తనమూ మొక్కా ఏవీ రానివ్వరట, పురుగులూ తెగుళ్లూ వస్తాయని. దాచి తెచ్చినవాళ్లకు అక్కడికక్కడే పెద్ద జరిమానా అట. (మా గ్రంథాలయం పుస్తకంలో ఆ దేశపు గొర్రెల గురించి ఒక అధ్యాయమంతా ఉంది, ఈ ముక్క లేదు.) నేను వరుసలో ఉండగానే, వాసన పట్టడానికి ఒక అధికారి తిప్పుతున్న చిన్న కుక్క వచ్చి నా సంచీ పక్కన బుద్ధిగా కూర్చుంది. మా ఊరి కుక్కలు నిమ్మకాయల జోలికి రావు. అధికారి సంచీ విప్పి, ఇది తినే వస్తువా అని అడిగాడు. కాదు, మర్యాద అన్నాను. ఆయన ఒక కాయను వెలుతురులో తిప్పి చూసి, మర్యాదైనా సరే తొక్క ఉంటే లోపలికి రాకూడదని ఎంతో గౌరవంగా చెప్పి, సంచీ మొత్తం ఒక పెద్ద డబ్బాలో వేశాడు. పెద్దయ్యోరి తోట నా కళ్లముందే మూతబడింది.

మాకు బస ప్రిన్సిపాలు ఇంట్లోనే. యాభై దాటిన మనిషి, తెల్లగా కత్తిరించిన జుట్టు. మేమిద్దరం మాలో మేము ప్రిన్సిపాలమ్మ అనుకునేవాళ్లం. మరునాడు ఆదివారం. తెల్లవారకముందే లేచి, మంకీ క్యాపు పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. అక్కడ ఋతువులు తిరగబడి ఉంటాయనీ, ఆగస్టులో చలి అనీ నాకు తెలుసు, మంకీ క్యాపు అందుకే. ఆ దేశంలో పొద్దున్నే పాలబండి వచ్చి ఇంటింటి గేటు దగ్గరా గాజు సీసాలు పెట్టిపోతుందని కూడా చదివాను. అది కళ్లారా చూడాలని ఆశ. చాలాసేపటికి ప్రిన్సిపాలమ్మ గౌను మీద కోటు వేసుకుని వచ్చి, ఎవరి కోసం చూస్తున్నారని అడిగింది. పాలవాడి కోసమన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, తన చిన్నతనంలో వచ్చేవాడని చెప్పింది.

నేను గేటు దగ్గర నిలబడి పాలవాణ్ణి చూడలేదు గానీ ఇంకొకటి చూశాను. ఎదురింటి కంచె మీంచి ఒక నిమ్మచెట్టు వంగి ఉంది, విరగ్గాసింది. ఆ ఇంటి ముందు దారి పక్కన ఒక అట్టపెట్టె నిండా నిమ్మకాయలు, కావలసినవాళ్లు తీసుకోండి అని ఒక చీటీ. అక్కడ పెరట్లో కాసినవి ఎక్కువైతే అలా పెడతారట. నాకు కావలసింది నిమ్మకాయే, ఎదురుగా ఉన్నది నిమ్మకాయలే, ఊరికే ఇస్తామంటున్నారు. కానీ మా ఊళ్లో దారిలో పడున్న నిమ్మకాయ అంటే ఎవరికో దిష్టి తీసి పారేసిందని అర్థం. దాన్ని తొక్కకూడదు, దాటకూడదు, ముట్టుకోవడం మాటే లేదు. నాకు అలాంటి నమ్మకాలేమీ లేవు. గ్రంథాలయంలో అవన్నీ ఎలా పుట్టాయో చదివినవాణ్ణి. అయినా ఆ పూట నడకకు పోయినప్పుడు నా కాళ్లు వాటంతట అవే ఆ పెట్టెకు అవతలగా, రోడ్డు మధ్యగా పోయాయి. ప్రిన్సిపాలమ్మ వెనక నుంచి చూస్తూనే ఉంది. మధ్యాహ్నానికి కుప్పం మేడం ఆ పెట్టెలోంచి రెండు కాయలు తెచ్చి నిమ్మకాయ అన్నం కలిపేసింది.

"అవి రోడ్డు మీదివి మేడం," అన్నాను మెల్లగా.

"నాకు ఆకలేస్తాండాది సార్. మీకు లేకపోతే సెప్పండి, మీది గూడా నేనే తింటాను."

తిన్నాను. దిష్టి సంగతి తెలియదు గానీ ఉప్పు సరిపోయింది. అయితే ప్రిన్సిపాలుకు ఇచ్చే కాయ దగ్గర మాత్రం రాజీ పడలేదు. సాయంత్రం నడిచిపోయి అంగడిలో మంచి కాయ ఒకటి కొన్నాను. ఊరంతా ఊరికే పంచుతున్న దాన్ని డబ్బిచ్చి కొన్నవాణ్ణి ఆ సీజనులో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

సోమవారం బడిలో, టీచర్లందరి ఎదుట, ప్రిన్సిపాలమ్మకు రెండు చేతులతో ఆ నిమ్మకాయ అందించి కొద్దిగా వంగాను. ఆమె కూడా రెండు చేతులతోనే తీసుకుని, ఎంతో సంతోషించి, కత్తితో కోసి అందరి టీ కప్పుల్లో తలా ఒక ముక్క వేసింది. మా వైపు ఏ అధికారీ ఇచ్చిన కాయను మా ముందు కోయడు. వరుసగా పేర్చి పెడతాడు, ఆ వరుస పొడవే ఆయన పరపతి. పంచిన మర్యాదను టీతో పాటు తాగాను. ఇంతకీ నిన్న పెట్టెను చూసి పక్కకు తప్పుకున్నారు, ఇవాళ అదే కాయ తెచ్చిచ్చారు, ఎందుకు అని ఆమె అడిగింది. రెండూ వేరే నిమ్మకాయలు అన్నాను. ఆమె తలూపింది, కానీ వదిలిపెట్టలేదని తర్వాత తెలిసింది. ఆ వారంలో బడి పిల్లలందరికీ నా నిమ్మకాయ సంగతి తెలిసిపోయింది.

ఆ బడిలో నేను చూసినవన్నీ చెప్పాలంటే చాలా ఉంది. పిల్లలు చలిలో కూడా సరదాకి చెప్పుల్లేకుండా వచ్చేవాళ్లు. చెప్పుల్లేక పిల్లలు బడికి రావడం మానేస్తారేమోనని బాధపడే ఊరి నుంచి పోయినవాణ్ణి, ఆ పాదాలు చూస్తే ఏమనుకోవాలో తోచేది కాదు. టీచరు లోపలికొస్తే ఎవరూ లేచి నిలబడరు, టీచరే పోయి వాళ్ల పక్కన నేల మీద కూర్చుంటుంది. అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది ఒకటుంది. పిల్లలు ఏదైనా అడిగితే టీచరు నాకు తెలియదే, నీకేమనిపిస్తోంది అనేది. పాపం చదువుకోలేదేమో అనుకున్నాను మొదట. రెండో టీచరూ అలాగే అంది. మూడో ఆయన కూడా. దేశమంతా ఒక్క గ్రంథాలయమైనా లేదా అని కుప్పం మేడంతో అన్నాను. ఆమె నన్ను ఒక చూపు చూసింది.

చివరి వారంలో మా పాఠాలు. ముందు కుప్పం మేడం నేల మీద సుద్దముక్కతో చుక్కల ముగ్గు వేసి, పిల్లల చేత వేయించి, అందులోంచే లెక్క బయటికి లాగింది. గంట అయ్యాక కూడా పిల్లలు నేల వదల్లేదు. మరునాడు నాది. మదనపల్లెలో రాయించి, చుట్ట చుట్టి, విమానంలో మోసుకొచ్చిన భారతదేశపు నదుల చార్టు తగిలించాను. వెనక ప్రిన్సిపాలమ్మ, టీచర్లు, కుప్పం మేడం కుర్చీల్లో. నా కళ్లకు మాత్రం వాళ్ల వెనక ప్లాస్టిక్ కవరు తీయని సూట్‌కేసు ఒకటి కనిపిస్తోంది. గంగతో మొదలుపెట్టి, ఉపనదులన్నిటినీ కలుపుకుంటూ, గోదావరి దాకా వచ్చి, అలవాటు ప్రకారం అర్థమైందా అని అడిగాను. మా బడిలో ఆ ప్రశ్నకు జవాబు ఒకటే. అరవై గొంతులు ఒకేసారి అర్థమైంది సార్ అంటాయి, గోడ మీది బల్లి కూడా కదులుతుంది. ఇక్కడ ఒక్కటే గొంతు లేచింది. ముందు వరుసలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న చెప్పుల్లేని పాప ఒకతె, లేదు అంది. కోపంగా కాదు, అడిగారు కాబట్టి చెప్పింది. నా ఉద్యోగంలో నేను విన్న మొదటి లేదు అది. ఆ పిల్ల అంతటితో ఆగక, మీరు ప్రిన్సిపాలుకు నిమ్మకాయ ఎందుకిచ్చారని అడిగింది.

ఇది నాకు కొట్టిన పిండి అనుకున్నాను. పూర్వం ఓడల్లో నెలల తరబడి పోయే నావికులకు చిగుళ్లు వాచి రక్తం కారే జబ్బు వచ్చేదనీ, నిమ్మరసంతో తగ్గేదనీ, అందులో ఫలానా విటమిన్ ఉందనీ గడగడా చెప్పేశాను. పాప అంతా విని, అది తినడానికి కారణం, ఇవ్వడానికి కారణం ఏమిటి అంది. నిమ్మకాయ పవిత్రమైనది అన్నాను. మరైతే రోడ్డు మీదున్న దానికి ఎందుకు భయపడ్డారు అని ఇంకో పిల్లవాడు. ఊరంతా చెప్పుకున్నారన్నమాట. నేను నోరు తెరిచాను. భూగోళం అల్మరా పై అర నుంచి కింది అర దాకా ఒక్క క్షణంలో వెతికాను. ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి ఎన్ని కాయలు ఇచ్చానో, ఎందుకో ఒక్కనాడూ ఎవరినీ అడగలేదు. చివరికి, నాకు తెలియదు అన్నాను. వెనక కుప్పం మేడం కళ్లు మూసుకోవడం కనిపించింది. ప్రార్థన చేస్తోందో, చూడలేకపోయిందో.

ఆ తర్వాత నదులు ఎటు పోయాయో నాకు గుర్తులేదు. పిల్లలందరూ చార్టు వదిలి నా చుట్టూ చేరారు. పుల్లగా ఉంటుంది కాబట్టి మేలుకొని పనిచేయమని చెప్పడానికేమో అన్నాడొకడు. ఎక్కువ రోజులు పాడవదు కాబట్టి అని ఇంకొకడు. చెప్పుల్లేని పాప మాత్రం, అది ఏమీ లేనివాళ్ల దగ్గర కూడా ఉంటుంది, అందుకేనేమో అంది. తర్వాత, మరి మీకెవరిస్తారు అని అడిగింది. నాకెవరూ ఇవ్వరమ్మా, కింది నుంచి పైకి ఇస్తారు, నేను చిన్న ఉద్యోగిని అన్నాను. గంట కొట్టారు. ప్రిన్సిపాలమ్మ తన కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పెద్దయ్యోరికి ఫోన్ చేశాను. పుంగనూరులో ఇంకా మధ్యాహ్నం కాలేదు, వెనక పిల్లల ఎక్కాలు వినిపిస్తున్నాయి. పాఠం ఎట్ల జరిగింది అని అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన పిల్లల్ని ఎక్కాలు ఆపమన్నారు.

"తెలీదని సెప్పేసినావా?"

"అవును సార్."

"ఆ మాట నేను ఈడ కూసోని రోజూ సెప్తాండాను గదప్పా. దానికి అంత దూరం పొయ్యేదెందుకు?"

ఒక్క తిట్టు తిట్టలేదు, దానికే ఎక్కువ బాధేసింది. సరేలే, ఆరోగ్యం జాగ్రత్త అని పెట్టేశారు. ఆయన లేచి వెళ్లి ఆ సూట్‌కేసును బీరువా మీంచి దించుతున్నట్టు ఊహించుకుని నేను అన్నం సరిగా తినలేదు.

మరునాడు పొద్దున తరగతికి పోతే నా బల్ల మీద నిమ్మకాయలు. ఒకటీ రెండూ కాదు. పెరటి చెట్లవి, ఆకులతో సహా కొన్ని, గుండ్రంవి, ముక్కున్నవి, మచ్చపడినవి. పిల్లలు ఒక్కొక్కరే ఇంటి నుంచి తెచ్చి పెట్టారట. చెప్పుల్లేని పాప తనది ఇంకా పెట్టలేదు. దగ్గరికొచ్చి, నేను ప్రిన్సిపాలమ్మకు ఇచ్చినట్టే రెండు చేతులతో పట్టుకుని, కొద్దిగా వంగి ఇచ్చింది. నేను ఒక చేత్తో తీసుకోబోయి, రెండోది కూడా చాచాను. నాకు నిమ్మకాయ తీసుకోవడం అలవాటు లేదు మరి. తీసుకున్నాక ఏం చేయాలో కూడా తెలియక అలాగే పట్టుకు నిలబడ్డాను. తలుపు దగ్గరున్న ప్రిన్సిపాలమ్మ నా దగ్గరికి వచ్చి, తెలియదు అనే మాట పిల్లల ముందు అనమని కొత్త టీచర్లకు తాను ఏళ్లుగా చెబుతున్నాననీ, అందరూ అప్పజెప్పినట్టే అంటారనీ, నిన్న నేను మాత్రం నిజంగా తెలియకే అన్నాననీ చెప్పింది. అది మెచ్చుకోవడమేనని కుప్పం మేడం తర్వాత తేల్చింది. రెండో దఫా ఎప్పుడొస్తారు అని కూడా ప్రిన్సిపాలమ్మ అడిగింది.

పెద్దయ్యోరు మరుసటి ఏడు పోయారు. నిమ్మకాయలు తీసుకుపోకుండా ఉండడానికి ఆయన్ని ఒప్పించడమే పెద్ద పనయింది. తిరిగొచ్చిన రోజున సూట్‌కేసు చక్రాల శబ్దంతోనే నేరుగా నా తరగతిలోకి వచ్చారు. పిల్లలు లేచి నిలబడ్డారు. జేబులోంచి ఒక నిమ్మకాయ తీసి నా ముందు రెండు చేతులు చాచారు. నేను కంగారుగా వెనక్కి జరిగాను.

"పెద్దపంజాణిదేలే, వచ్చే దోవలో కోసినాను, తీసుకో. సర్వీసంతా పైకే ఇస్తా వచ్చినాను. కిందికిస్తే ఎట్లుంటాదో సూద్దామని," అన్నారు.

"ఎట్లుండాది సార్?"

"తెలీదప్పా," అని నవ్వి, ఆఫీసు గదిలోకి వెళ్లిపోయారు.

ఇప్పుడు నేనే వెంకటగిరికోట వైపు ఒక బడిలో హెడ్మాస్టర్ని. కొత్తగా చేరే టీచర్లు నిమ్మకాయతోనే వస్తారు. తీసుకుని, సొరుగులోంచి ఇంకొకటి తీసి తిరిగిస్తాను. వాళ్లు ఎందుకో తెలియక తికమకపడి, బయటికి పోయి గుమస్తాను అడుగుతారు. పాఠం చెప్పి అర్థమైందా అని అడిగితే ఈ మధ్య ఒకరిద్దరు పిల్లలు లేదు అంటున్నారు. నాకు అలవాటవుతోంది. దారిలో నిమ్మకాయ కనిపిస్తే మాత్రం కాళ్లు ఇప్పటికీ పక్కకే పోతాయి. మదనపల్లె పోయినప్పుడల్లా గ్రంథాలయంలో ఆ మూల బల్ల దగ్గర కాసేపు కూర్చుంటాను. నిమ్మకాయ ఎందుకిస్తారో ఆ అల్మరాలో ఇప్పటికీ దొరకలేదు. అన్నీ తెలిసిన ఆ కుర్ర సోషల్ సారు, మంకీ క్యాపు పెట్టుకుని పాలవాడి కోసం చూసినవాడు, ఇప్పుడు ఎదురుపడితే అతని చేతిలో ఒక కాయ పెట్టి అడగాలనిపిస్తుంది. అతనైతే తడుముకోకుండా చెప్పేస్తాడు.